మహారాణి గడ్డం

ఆ బస్సు డిపోలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె మహారాణే. డ్రైవరు సీట్లో గడ్డం పైకెత్తి, ముక్కు చివరి నుంచి లోకాన్ని చూస్తుంది కదా, అందుకని. "మహారాణీవారు వేంచేస్తున్నారు, తప్పుకోండహో!" అని తోటి డ్రైవర్లు వంగి సలాములు కొట్టేవారు.

"నాకెందుకురా, నా బండికి తప్పుకోండి చాలు" అనేది ఆమె.

నిజానికి అది పొగరూ కాదు, పాడూ కాదు. పై రెప్పల చర్మం వదులైపోయి కంటిపాపల మీదికి జారింది. గడ్డం ఎత్తితే తప్ప సిగ్నల్ దీపం కనపడదు. సాయంత్రానికి మెడ పట్టేసేది, కనుబొమలు ఎగరేసీ ఎగరేసీ నుదురు పీకేది. చెబితే ఎక్కడ బండి లాగేసుకుంటారోనని నోరు మెదపలేదు. కానీ కంటి పరీక్ష నోరు మూసుకోదుగా! అందులో తప్పింది.

డిపో మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "రెప్పలు బాగు చేయించుకుని నెలాఖరు పరీక్షకు రామ్మా. లేదంటే హాయిగా టికెట్ల కిటికీలో కూర్చో. ఈ వయసులో స్టీరింగుతో కుస్తీ ఎందుకు?" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చేతికి స్టీరింగు తగలకపోతే ఆమెకు అన్నం సహించదు. అలాంటి మనిషిని తీసుకెళ్ళి కిటికీ వెనక కుదేస్తాడట! ఆ మధ్యాహ్నమే ఆస్పత్రికి బయలుదేరింది.

చెల్లెలు వెంటపడింది. "ఇప్పుడు రెప్పలు కోయించుకుంటావా అక్కా? సోకులు పోతోందని నవ్విపోతారు."

"నవ్వనీవే. పళ్ళు వాళ్ళవేగా, నావేం పోతాయి?"

డాక్టరమ్మ ముందు కూడా ఆమె గడ్డం దిగలేదు. "కోశాక కాదు, కోయకముందే అన్నీ చెప్పండి. బ్రేకులెలా ఉన్నాయో అడక్కుండా నేను బండెక్కను" అంది. డాక్టరమ్మ నవ్వి, విసుక్కోకుండా చెప్పింది. కొన్నాళ్ళు వాపు, కమిలిన మచ్చలు ఉంటాయి. మొదట్లో రెప్ప పూర్తిగా మూతపడక కన్ను పొడిబారొచ్చు, చుక్కల మందు తప్పదు. రెండు కళ్ళూ అచ్చుగుద్దినట్టు ఒకేలా రాకపోవచ్చు. చూపు స్పష్టమయ్యేదాకా బండి ముట్టుకోకూడదు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"ఒక్కటీ లేదు. గుండ్రాయిలా ఉన్నాను."

అబద్ధమాడాలని ఆడలేదు పాపం. ఆ డిపోలో ప్రతి బండిలోనూ స్టీరింగు పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. నడుం పట్టేసినవాళ్ళు అందులోంచి నొప్పి బిళ్ళ తీసి పిప్పరమెంటులా నోట్లో వేసుకుంటారు, పక్కవాడికీ ఒకటి పెడతారు. దాన్ని మందని ఎవరూ అనరు. వాళ్ళ లెక్కలో మందంటే డాక్టరు రాసేది.

ఆపరేషన్ రోజు ఉదయం డాక్టరమ్మ ఆమె చేతులు చూసి ఆగింది. "ఈ నల్లమచ్చలేంటమ్మా?"

"ఈ మధ్య కాస్త తగిలినా కములుతోందండీ."

"నొప్పులకేం వేసుకుంటారు?"

ఆ అడిగే తీరులోనే రేకు డబ్బాలో బిళ్ళ కూడా మందేనని ఆమెకు తట్టింది. బిళ్ళ సంగతి చెబితే ఇవాళ కోయరు, నెలాఖరు పరీక్ష పోతుంది, కిటికీ ఖాయం. ఒక్క 'లేదు'తో అంతా సాఫీగా సాగిపోతుంది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "కొన్ని నొప్పి బిళ్ళలతో రక్తం త్వరగా గడ్డకట్టదు. కోసినచోట ఆగకుండా కారి కంటి వెనక చేరితే, అరుదుగానైనా, చూపే పోవచ్చు."

"వేసుకున్నానండీ!" అని అరిచినంత పని చేసింది ఆమె. "పొద్దున కూడా మింగాను. మందని అనుకోలేదు, నా బుద్ధి మండ! వాయిదా వేయండి. చూపు పోగొట్టుకుని నేనేం నడుపుతాను, నా తలకాయా?"

డాక్టరమ్మ ఆ బిళ్ళలు ఆపమని చెప్పింది. అయితే గుండెకో మరోదానికో డాక్టరు రాసిచ్చిన మందు ఎవరైనా వాడుతుంటే సొంతంగా ఆపకూడదనీ, రాసినవాళ్ళనే అడగాలనీ గట్టిగా చెప్పింది.

ఆస్పత్రి నుంచి ఆమె తిన్నగా మేనేజరు గదిలోకి నడిచింది. "నెలాఖరు పరీక్షకు రాలేను."

"అయితే కిటికీ..."

"కూర్చోను. సెలవు నాకుంది, వాడుకుంటాను. కళ్ళు బాగయ్యాక పరీక్ష పెట్టండి. ఈలోగా నా బండి ఇంకొకరికి రాసిచ్చారో, మీ గుమ్మంలోనే బైఠాయిస్తాను. దాటి ఎలా వెళ్తారో చూస్తా!"

మేనేజరు గొణిగాడు, సణిగాడు, చివరికి సరేనన్నాడు. ఆమె బయటికొచ్చి తన బండిలో రేకు డబ్బా తీసి, "ఇవీ మందులేరా, డాక్టరడిగితే చెప్పి చావండి" అని తోటివాళ్ళ మీద కేకలేసింది.

తర్వాత ఆపరేషన్ సజావుగా జరిగింది. వాచిన మొహం అద్దంలో చూసుకుని తిట్టుకుంది. చెల్లెలు "రౌడీరాణీ" అని నవ్వినా ఉడుక్కోకుండా చల్లటి గుడ్డ పెట్టించుకుంది. చూపు తేటపడ్డాక పరీక్షకు వెళ్ళింది. మెడ నిటారుగా పెట్టి, గడ్డం ఎత్తకుండా, పై వరుస నుంచి కింది వరుస దాకా గడగడా చదివేసింది.

మేనేజరు తాళం చేతికిస్తూ తేరిపార చూశాడు. గడ్డం మళ్ళీ పైకి లేచి ఉంది.

"కళ్ళు బాగయ్యాయిగా, ఇంకా ఆ గడ్డం ఎందుకమ్మా అలా?"

"కళ్ళ కోసం ఎత్తింది దించేశానండీ. ఇది మీ కోసం" అని తాళం అందుకుని ఆమె బండెక్కింది.