ఆదివారం పరుగు లేదు

తెల్లవారి 5.40కి లారీ దిగాను. బెంగళూరు శివార్లలో ఆర్మీ ట్రైనింగ్ సెంటర్. మంచు, సన్నటి తుంపర. ఒంటిమీద ఊలు జెర్సీ, వీపున పిట్టూ బ్యాగు, చేతిలో పోస్టింగ్ కాగితం. హోదా హవల్దార్. కంపెనీకి పీటీ చెప్పే ఉస్తాద్ పని. రెండేళ్లు.

సుబేదార్ సాబ్ ఆఫీసులో నా ముందు ఒక కాగితం పెట్టారు. పోయినేడు కంపెనీల మధ్య జరిగిన పది కిలోమీటర్ల పరుగు ఫలితం. రైఫిలు, పిట్టూ మోస్తూ ఎనిమిది మంది పరిగెత్తాలి. ఆఖరివాడు గీత దాటిన టైమే జట్టు టైము. మాది ఆఖరి స్థానం.

"ఈసారి ఇట్లా ఉండకూడదు," అన్నారు హిందీలో.

ఆ ఏడు మా జట్టులో ఆఖరివాడు రేడియో ఆపరేటర్. బాగేపల్లి పక్క పల్లె. ఇంట్లో తెలుగే. ఓడిపోయినందుకు ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. వాడికి అదే తట్టుకోలేనిదైంది.

నేనొచ్చిన మూడో నెలకి అందరికన్నా ముందు వాడే పరిగెత్తేవాడు. ఒక పొద్దున నలభై మంది ముందు నిలబెట్టి, "వీడిని చూసి నేర్చుకోండి" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సంగతి నర్సింగ్ అసిస్టెంట్ చెప్తే తెలిసింది. వాడు పొద్దున మాతో పది కిలోమీటర్లు. మధ్యాహ్నం రెండింటికి అందరూ నడుం వాల్చినప్పుడు, ఫైరింగ్ రేంజ్ వెనక నీలగిరి చెట్ల మధ్య ఎర్రమట్టి దారిలో ఒంటరిగా ఇంకో ఎనిమిది. ఆదివారం కూడా. లేవగానే చూసిన నాడి ముందు 52 ఉండేది, ఇప్పుడు 70. బరువు నాలుగు కిలోలు తగ్గింది.

"నిద్ర పట్టడం లేదంట. అన్నం సహించదు. చిన్న మాటకే కసురుతున్నాడు. ఇది బలం పెరగడం కాదు ఉస్తాద్," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

పోటీకి పన్నెండు రోజులుంది. ఆపరేటర్‌ని రేడియో గదిలో పట్టుకున్నాను.

"కాలు ఎట్లుండాది?"

"బాగుండాది ఉస్తాద్."

"ఎడమకాలి మీద గెంతు."

ఒకసారి గెంతాడు. రెండోసారికి బల్ల పట్టుకున్నాడు. ఎక్కడ నొప్పి అంటే, మోకాలి కింద ముందు ఎముక మీద ఒక్క వేలు పెట్టి చూపించాడు.

"ఎన్నాళ్లుగా?"

"మూడు వారాలు. ఈ పన్నెండు దినాలు వదిలేయప్పా. ఆపైన నువ్వేం చెప్తే అది చేస్తా."

ఉస్తాద్ అనడం కూడా మర్చిపోయాడు. నేను వదల్లేదు. జీపెక్కించి ఆస్పత్రికి తీసుకుపోయాను. స్కాన్ చూసి డాక్టరు, "వెంట్రుకంత చీలిక. బరువుతో ఇంకొక్క పరుగు పెట్టుంటే ఎముక విరిగేది," అన్నారు. కట్టు వేశారు. కనీసం ఆరు వారాలు పరుగు బంద్.

వాడి చోట మా కంపెనీ కుక్‌ని తీసుకున్నాను. వారానికి నాలుగు రోజులే పరిగెత్తి, కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయే మనిషి. షెడ్యూలు కూడా మార్చాను. బరువుతో పరుగు రోజు విడిచి రోజు. ఆదివారం పరుగు లేదు.

"పోటీ ముందర తగ్గిస్తావా?" అన్నారు సుబేదార్ సాబ్.

"ఇంకో ఇద్దరికి అదే చోట నొప్పి మొదలైంది సాబ్."

"ఓడితే?"

"సంజాయిషీ నేను రాసిస్తాను."

పోటీ రోజు. పొద్దున ఆరు. పొగమంచు. ఆపరేటర్ ఏడో కిలోమీటరు దగ్గర కుర్చీలో, ఒళ్లో రేడియో సెట్టుతో. నేను ఇంకో సెట్టుతో ముగింపు గీత దగ్గర.

"ఏడో పాయింట్. మనోళ్లు ఎనిమిది మందీ కలిసే ఉండారు. ఓవర్."

"కుక్ ఎక్కడ?"

"ఐదోవాడు. నవ్వతా ఉండాడు. ఓవర్."

కాసేపు గరగర. మళ్లీ వాడి గొంతు.

"ఉస్తాద్, ఒక్కరు కూడా కుంటడంలే. ఓవర్."

రెండో స్థానం వచ్చింది. మొదటిది తొమ్మిది సెకన్ల తేడాతో పోయింది. పోయినేటి మీద నాలుగు నిమిషాలు ముందు. సుబేదార్ సాబ్ వరసగా ఎనిమిది మంది దగ్గరికీ వెళ్లి కాళ్లు చూశారు. నా దగ్గరికొచ్చి, "సంజాయిషీ అక్కర్లేదు," అన్నారు. మరుసటి వారం నా షెడ్యూలే కంపెనీ మొత్తానికి ఆర్డరైంది. ఆపరేటర్ ఎముక అతుక్కుంది. తర్వాతి ఏడు జట్టులో పరిగెత్తి మూడోవాడిగా వచ్చాడు. నేనున్నన్నాళ్లూ మళ్లీ ఎవరి కాలికీ కట్టు పడలేదు. నా సర్వీసులో తలెత్తుకుని చెప్పుకునేది అదే.

పెన్షన్ మీద ఇంటికొచ్చాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పార్కులో నాతో నడిచేవాళ్లు అడుగుతుంటారు, "సార్, డైలీ ఎంత చేస్తే టూ మచ్?" అని. కిలోమీటర్లలో చెప్పలేనంటాను. నిన్నటి అలసట ఈ పొద్దుకి పోయుండాల. రోజూ మిగిలిపోతా ఉంటే ఎక్కువైనట్టే.

సెంటర్ వదిలిన పొద్దున చూసింది మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ఆదివారం, తొమ్మిది గంటలు. జీపు గ్రౌండు పక్కగా పోతోంది. గడ్డిలో ఆపరేటర్ వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. మొహం నిండా ఎండ. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. హారన్ కొట్టొద్దని డ్రైవర్ భుజం మీద చెయ్యి వేశాను.