సరిచేసిన ఎడమ కన్ను

1955 జూన్‌లో నన్ను అనకాపల్లి నుంచి చోడవరం హైస్కూలుకి డ్రాయింగ్ మాస్టరుగా బదిలీ చేశారు. హోదా సంగతి చెప్పాలంటే, స్టాఫ్ రూములో నా కుర్చీ డ్రిల్లు మాస్టారి కుర్చీ పక్కన, తలుపుకి ఆనుకుని ఉండేది. లెక్కల మాస్టారికి జ్వరం వస్తే ఆయన క్లాసు నాకు అప్పగించేవారు. నాకు జ్వరం వస్తే పిల్లల్ని ఆటలకి వదిలేసేవారు. అయినా నా పొగరుకేం తక్కువ లేదు. డ్రాయింగులో హయ్యర్ గ్రేడు పరీక్ష మొదటిసారే గట్టెక్కినవాణ్ణి మరి!

కొత్త క్లాసుకి మొదటి రోజు బోర్డు మీద రెండు వరుసలు రాసేవాణ్ణి. పై వరుసలో రేఖ, ఆకారం, వెలుగునీడ, రంగు. ఇవి సరుకులు. కింది వరుసలో సమతూకం, నిష్పత్తి, లయ, ప్రాధాన్యం. ఇవి ఆ సరుకులతో వంట చేసే పద్ధతి. సమతూకం మళ్ళీ రెండు రకాలు. మధ్యగీతకి అటూ ఇటూ అచ్చంగా ఒకేలా ఉండటం మొదటిది. ఒకవైపు పెద్ద కుండ, రెండోవైపు కాస్త ఎడంగా చిన్న చెంబు పెట్టి, రెండూ ఒకటి కాకపోయినా బొమ్మ ఒరిగిపోకుండా నిలబెట్టడం రెండోది. మొదటిది నేర్పడం సులువు, మార్కులు వేయడం ఇంకా సులువు. అందుకని నేను దాన్నే పట్టుకు వేలాడేవాణ్ణి. ఆకు సగం గీయించి, దాన్ని ట్రేసింగు కాగితం మీదికి ఎత్తించి, తిరగేసి రెండో సగం అద్దించేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా వస్తే ఎర్ర పెన్సిలు.

మరుసటి ఏడు వానల్లో మా స్కూలు అటెండరు దేవదానం కూతురు శాంత టైఫాయిడ్‌తో పోయింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. వడ్డాదిలో పిన్ని దగ్గర ఉండి కుట్టుపని నేర్చుకునేది కాబట్టి నేను ఒక్కసారి కూడా చూడలేదు. పది రోజుల సెలవు తరవాత దేవదానం వచ్చి, మొదటి గంట కొట్టి, నేరుగా నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేష్టారూ, మా గుంటకి ఫొటో లేదండి. అనకాపల్లి తీసుకెళ్ళి తీయిద్దారి, తీయిద్దారి అనుకుంటానే ఉండిపోయేం. ఆళ్ళమ్మ ముద్ద ముట్టట్లేదు. మొకం మర్సిపోతానేమో అని ఒకటే ఏడుపండి. తమరేటైనా గీసి పెడతారా?"

చూడని మనిషిని ఎలా గీస్తానయ్యా అనాల్సింది. అనలేదు. జాలి ఒకటి, నా చేతి మీద నాకున్న నమ్మకం ఒకటి, రెండూ కలిసి సరే అనిపించాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి పేరు సువార్తమ్మ. ముక్కు ఎలా ఉండేదమ్మా అని అడిగితే ఆవిడ మాటల్లో చెప్పలేకపోయింది. నోరు తెరవడం, ఏడవడం. చివరికి ఆవిడే ఒక దారి కనిపెట్టింది. చుట్టాలందరినీ అరుగు మీదికి పిలిచింది. "ముక్కు మా సెల్లిది బాబూ. నుదురు ఆళ్ళ నాన్నది. గెడ్డం మాత్రం మా అత్తది, అచ్చు దిగిపోయింది" అంటూ ఒక్కొక్కరినీ నా ముందు కూర్చోబెట్టింది. నేను ఒకరి దగ్గర ముక్కు, ఒకరి దగ్గర గడ్డం తీసుకుంటూ బొగ్గుపుల్లతో గీశాను. బొగ్గు గీత తుడవడానికి రబ్బరు పనికిరాదు, నిన్నటి రొట్టె మెత్తని ముద్ద చేసి అద్దాలి. ఆ రోజు సగం రొట్టె నల్లగా అయిపోయింది.

మధ్యాహ్నానికి ముఖం నిలబడింది గాని తల్లి ఒప్పుకోలేదు. ఎడమ కన్ను ఇంకా కిందికి, ఇంకాస్త కిందికి అంటూ దింపించింది. పెదవి ఒక కొస పైకి లేపించింది. నవ్వబోయే ముందు అలా ఒక పక్కకి పోయేదట. నాకు లోపల చిరాకే. చెప్పినట్టు దింపాను, లేపాను. ఉన్నట్టుండి సువార్తమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒలమ్మ! వచ్చీసింది. అదే బాబూ, నా తల్లే. ఇంకేటీ ముట్టుకోకు."

ఆవిడ చెల్లెలు గోడకి తిరిగి ఏడ్చింది. దేవదానం వీధిలోకి వెళ్ళిపోయాడు. ఆ క్షణాన బొమ్మ అక్కడే వదిలేసి చెప్పులేసుకుని పోవాల్సినవాణ్ణి. బొగ్గు రాలిపోతుంది, క్రేయాన్‌తో పక్కాగా దించి తెస్తానని చెప్పి కాగితం చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంట్లో బల్ల మీద పరచి మధ్యగీత గీసి చూస్తే, నా శాస్త్రం ప్రకారం అది తప్పుల తడక. ముఖాన్ని అడ్డంగా మూడు సమాన భాగాలు చేస్తాం. జుట్టు మొదలు నుంచి కనుబొమల దాకా, అక్కణ్ణుంచి ముక్కు కొస దాకా, అక్కణ్ణుంచి గడ్డం దాకా. అది కుదిరింది. కళ్ళే ఒక గీత మీద లేవు. హయ్యర్ గ్రేడు వాడు ఇలాంటిది గీశాడని ఎవరైనా అంటే? కుడి సగాన్ని ట్రేసింగు కాగితం మీదికి ఎత్తి, తిరగేసి, ఎడమ సగం అద్దేశాను. ఆకుని అద్దినట్టే. దాని మీద నీడలు దిద్ది, పటం కట్టించి ఇచ్చాను. బొగ్గు బొమ్మ పనైపోయిందని మా ఇంట్లో పొయ్యి రాజేయడానికి వాడేశారు.

పటం అందుకుని సువార్తమ్మ చాలాసేపు చూసింది. "శానా బాగుంది బాబూ" అంది. ఏడవలేదు. ఏడవకపోవడం ఓదార్పనుకున్నాను నేను, వెర్రివాణ్ణి.

ఆ పిల్ల పోయి ఏడాది తిరిగిన నాడు ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టి నన్నూ పిలిచారు. ప్రార్థన అయ్యాక ఆవిడ నన్ను పటం దగ్గరికి తీసుకెళ్ళింది.

"నీ మీద నింద కాదు బాబూ. ముందైతే కళ్ళు మూసుకుంటే నా గుంట కనిపించేది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఈ పటమే వస్తంది. నా గుంట రావట్లేదు."

చేసిన పని దాచకుండా చెప్పేశాను. మళ్ళీ గీస్తానమ్మా అని కాళ్ళావేళ్ళా పడ్డంత పని చేశాను. మరుసటి ఆదివారం చెల్లెల్ని, దేవదానాన్ని, ముసలి అత్తని మళ్ళీ అరుగు మీద కూర్చోబెట్టాం. ముక్కు వచ్చింది, గడ్డం వచ్చింది. ఎడమ కన్ను నాకు గుర్తున్నంత మేరకు కిందికి దింపాను. ఎంత దింపాలో చెప్పమ్మా అన్నాను.

సువార్తమ్మ నా కాగితం చూసింది. లేచి లోపలికెళ్ళి, గోడ మీది పటం చూసి వచ్చింది.

"ఇది తప్పేమో బాబూ" అంది మెల్లగా. "అందులో రెండు కళ్ళూ సమానంగానే ఉన్నాయి గదా."

బొగ్గుపుల్ల కింద పెట్టేశాను. చెల్లెల్ని అడిగితే ఆవిడా అటో ఇటో చెప్పలేకపోయింది. ఆ పిల్లకి ఈ లోకంలో మిగిలిన ముఖం తల్లి కళ్ళలో ఉన్నదొక్కటే. దాన్ని చెరిపింది టైఫాయిడ్ కాదు, నేను.

ఆ తరవాత ఇరవై ఆరేళ్ళు అదే ఉద్యోగం చేశాను. బోర్డు మీద ఆ రెండు వరుసలూ రాస్తూనే వచ్చాను, అవి అబద్ధాలు కావు. మనుషుల ముఖాలకి మాత్రం ట్రేసింగు కాగితం వాడనివ్వలేదు. ఎరిగినవాళ్ళు "అదే" అన్నాక ఇంకో గీత గీయకూడదు. గీసినవాడికి తప్పుగా కనిపించినా సరే.