కైలాసగిరి మీద పనసపండు

ఆ రోజుల్లో అబద్ధం చెప్పడానికి నాకు పెద్ద కారణం అక్కర్లేదు, ఎదుటివాళ్లు నమ్మితే చాలు. విశాఖలో ఓ చిన్న సర్వే ఆఫీసులో టెంపరరీగా చేరినప్పుడు, మాది నర్సీపట్నం అనగానే మా సారు "ఓహో, ఏజెన్సీ మనిషివి. కొండలు నీకు అలవాటే" అన్నారు. నేను కాదనలేదు సరికదా, "చిన్నప్పట్నుంచీ కొండల్లోనే కదండీ" అన్నాను. (మాది గొలుగొండ రోడ్డులో చెరకు తోట. కొండలు కనిపిస్తాయి, దూరంగా, డాబా ఎక్కితే.) కొయ్యూరు వైపు కొండల్లో తిరిగే ఫీల్డు ఉద్యోగం ఒకటి పర్మనెంటు అవుతుందని అప్పటికే వినికిడి. పోటీలో ఇద్దరమే, నేనూ, నాతోపాటు చేరిన ఓ అమ్మాయీ. ఆమె పెద్దగా మాట్లాడేది కాదు. అంచేత ఉద్యోగం నాదేనని నేను ఇంట్లో చెప్పేశాను, మా అమ్మ వీధంతా చెప్పేసింది.

ఎవరి కాళ్ల సత్తా ఎంతో చూద్దామని సారు ఒక ఆదివారం ఆఫీసులో అందరినీ కైలాసగిరి మెట్లెక్కడానికి రమ్మన్నారు. శనివారం ఇంటికెళ్లిన నేను తెల్లవారుజాము బస్సుకి బయల్దేరుతుంటే, మా అమ్మ నా మాడుకి గిద్దెడు కొబ్బరినూనె అంటి (కొడుకు ప్రయాణమంటే ఆవిడకి ముందు గుర్తొచ్చేది నా మాడే), చేతిలో ఓ పనసపండు పెట్టింది.

"ఇదేటమ్మా, నేను కొండెక్కాలి."

"ఎక్కితే ఎక్కు. దార్లోనే కదా మీ పిన్నిల్లు, బేగి ఇచ్చీసి ఎల్లు. దానికి పనసంటే పేణం."

పిన్ని ఇంటికి తాళం. పక్కింటివాళ్లు, అన్నవరం వెళ్లారన్నారు. పండు భుజాన వేసుకుని కొండ కిందకి చేరేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. "బరువుతో ఎక్కడం అలవాటా?" అన్నారు సారు, ముఖం వెలిగిపోతూ. అక్కడ నిజం చెప్పి ఉంటే పండుని టీకొట్లో పెట్టి హాయిగా ఎక్కేవాణ్ణి. "మా వైపు ఉత్త చేతుల్తో ఎక్కితే నామోషీ అండీ" అన్నాను.

యాభై మెట్లదాకా కొండలెలా ఎక్కాలో అందరికీ పాఠం చెప్పాను. వందో మెట్టు దగ్గర పాఠం ఆగింది. ఆ తర్వాత నేనూ ఆగాను. పండుని ఒళ్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని కూర్చుంటే, వెనకాల నింపాదిగా వస్తున్న ఆ అమ్మాయి నా దగ్గర నిలబడింది.

"కొండెక్కినప్పుడు మాటాడకూడదండి. ఊపిరి సాలదు."

"నీకెలా... తెలుసు?"

"మాది కొయ్యూరు అవతలండి. కొండమీదే ఊరు."

ఒళ్లోంచి జారబోయిన పండుని పట్టుకున్నాను. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండి."

చున్నీని చుట్టగా చేసి నెత్తిన పెట్టుకుని, దానిమీద పండు పెట్టుకుని, ఆమె సంతకెళ్తున్నట్టు వెళ్లిపోయింది. నేను వెనకాలే, ఉత్త చేతుల్తో, మెట్టు మెట్టుకీ నామోషీ పడుతూ వెళ్లాను.

పైన చల్లటి గాలి, కింద ఊరంతా, ఊరి అంచున సముద్రం. పండు ముగ్గి ఘుమఘుమలాడుతోంది. ఆమె చేత్తోనే చీల్చి తొనలు తీసింది. చివరికి అందరి చేతులూ బంకే. నీళ్లతో కడిగితే ఇంకా సాగుతోంది. "కాస్త నూనె ఉంటే బాగుణ్ణు" అన్నారు సారు. ఆమె నా తలవైపు చూసింది.

"ఉందండీ" అంది.

ముందు సారు. తర్వాత హోదా ప్రకారం వరసగా అందరూ. (అటెండరు రెండుసార్లు వచ్చాడు.) సారు నా మాడు మీద అరచేతులు రుద్దుకుంటూనే, "ఫీల్డుకి ఆ అమ్మాయే. నీకు ఇంకో ఆర్నెల్లు టెంపరరీ" అని తేల్చేశారు. నాకు నిజంగా ఏడుపొచ్చింది. తల వంచుకుని ఉన్నాను కాబట్టి ఎవరూ చూడలేదు.

ఆర్నెల్ల తర్వాత నాకూ పర్మనెంటయింది, ఆఫీసులో, ఫ్యాను కింద. మొన్న చుట్టాలతో కైలాసగిరి వెళ్లాను, కార్లో. సముద్రం చూస్తూ అలవాటుగా తల నిమురుకుంటే చేతికి బట్టతల నున్నగా తగిలింది. ఇప్పుడెవరైనా కొండలు అలవాటేనా అని అడిగితే, లేదండీ అనేస్తాను. నిజం చెప్పడం ఎలాగో వచ్చింది గానీ, అంత నూనే, అంత ధీమా ఉన్న ఆ తల మాత్రం మళ్లీ రాలేదు.