దానమ్మకు నేనిచ్చిన పుస్తకం

హృదయాలను పరిశోధించే దేవునికి స్తోత్రం. నేను దాచినదాన్ని చూస్తూ కూడా ఇన్నేళ్లు నాకు ఊపిరి పోస్తున్న ఆయన సహనానికి స్తోత్రం.

నా ముఖం ఎరుగని మీతో చెబుతున్నాను. తొమ్మిదేళ్లుగా ఒక సన్నని పుస్తకం బరువు మోస్తున్నాను. పేరు చెప్పుకునే ధైర్యం ఇంకా రాలేదు.

పత్తికొండ దగ్గర మా పల్లె చర్చిలో నేను సండే స్కూల్ టీచర్‌ని. ఒకసారి కడప సంఘంవాళ్లు మాకు పెట్టెడు కథల పుస్తకాలు పంపారు. కొత్తగా చదవడం నేర్చుకున్నవాళ్లకు ఏది ఇవ్వాలో తేల్చే పని నాది. పెద్ద అక్షరాలు, తక్కువ ఒత్తులు, రెండేసి పేజీల అధ్యాయాలు, అధ్యాయానికో బొమ్మ. అవి చూసేదాన్ని. తర్వాత ఒక పేజీ చదివించి, తడబడిన ప్రతి మాటకూ ఒక వేలు ముడవమనేదాన్ని. ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం వాళ్లది కాదు.

దానమ్మ టమాటా తోటల్లో కూలికి పోయే మనిషి. యాభై దగ్గరపడ్డాక పిల్లల వెనక చాప మీద కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఒక బొమ్మల పుస్తకం పూర్తిచేసింది.

మా సంఘంలో ఏటా స్త్రీల ఆదివారం ఒక స్త్రీ ముందు నిలబడి బైబిల్ వాక్యభాగం చదువుతుంది. పదకొండేళ్లు అది నేనే. ఆ ఏడు దానమ్మ చదువుతుందని పాస్టరయ్య అందరి ముందూ చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

లోపల రగిలినదాన్ని అసూయ అని ఒప్పుకోలేదు. చదివేవాళ్లు తడబడితే వాక్యానికి అవమానం కాదా అనుకున్నాను. నా అతిశయానికి దేవుని పేరు తొడిగాను. ఎంత సులువుగా తొడిగాను!

ఆ వారమే దానమ్మ వచ్చింది.

"టీచరమ్మా, అధ్యాయాలుండే బుక్కు ఒగటి ఇయ్యి. అన్నిట్లోకి సులువైంది. మా మనవరాలు నగుతాంది, అవ్వా, నీకు రెండు జడలేసి బడికి పంపిస్తామని."

ఆమెకు సరిపోయే పుస్తకం పెట్టెలో పైనే ఉంది. దాని కింద నుంచి, చూడటానికి అంతే సన్నగా ఉన్న ఇంకొకటి తీశాను. చిన్న అక్షరాలు, నిండా ఒత్తులు, ఒక్క బొమ్మ లేదు. పేజీ చదివించలేదు.

"ఇంతకన్నా సులువైంది ల్యాదక్కా. పిల్లోళ్లంతా ఇదే సదువుతాండారు" అన్నాను.

మూడు వారాలకు తిరిగి తెచ్చింది, నలగకుండా కాగితంలో చుట్టి.

"ఒగ పేజీకే రెండు చేతుల ఏళ్లూ ముడుచుకుండాయి. పిల్లోళ్లు సదివేది నాకు రాల్యా. నా తలకాయలో ఏం ల్యా. నీ తప్పు కాదులే టీచరమ్మా, నువ్వు శానా కష్టపడితివి."

సరైన పుస్తకం చేతికందే దూరంలోనే ఉంది. అప్పుడైనా నా చెయ్యి ఎందుకు కదల్లేదు? నేను ఆమెను ఓదార్చాను. ఓదార్చాను! ఆ మాట రాస్తుంటే నోరు చేదవుతోంది.

దానమ్మ తనవల్ల కాదని పాస్టరయ్యకు చెప్పేసింది, ఆ స్త్రీల ఆదివారం నేనే చదివాను. ఒక్క మాట తడబడలేదు.

దానమ్మ మళ్లీ పుస్తకం ముట్టలేదు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా నన్ను చూపించి, "నాకు సదువు నేర్పాలని ఈయమ్మ శానా సూసింది, నేనే మొద్దుదాన్ని" అంటుంది. నా పాపాన్ని తన మొద్దుతనమనుకుని మోస్తోంది. ఇప్పుడు ఆమె చూపు పోయింది, ఇక రాదన్నారు డాక్టర్లు. ఎంత పెద్ద అక్షరాలు తెచ్చిపెట్టినా ఇక ఏం లాభం?

దేవుని ముందు ఎన్నోసార్లు ఏడ్చాను. అది కష్టం కాలేదు. సంఘంలో ఎవరికీ ఆయన చెప్పడు కదా.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. ఇన్నేళ్లకు ఇది నాలోంచి బయటపడింది, కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే. ఆదివారం ఆరాధన కాగానే దానమ్మ ఇంటికి పోతాను. ఆమె మొద్దు కాదని ఆమెకు తెలియాలి. నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, ఆ గడప దగ్గర నా నోరు పడిపోనివ్వకు. ఆమె తిడితే, ఆ తిట్లన్నీ చివరిదాకా నిలబడి విననివ్వు. ఆమేన్.