పెద్ద పీరు ఎత్తే భుజం

పొద్దున్నే మస్తాన్‌బీ చేసే మొదటి పని మొగుడికి చొక్కా తొడగడం. కుడిచేతిని పసిబిడ్డ కాలు పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని చొక్కాలోకి దూర్చాలి. ఆ చెయ్యి జానెడు లేచేసరికి అల్లాబక్షు పళ్ళు బిగపడతాడు. ఆ తర్వాత ఎడమచెయ్యి, గుండీలు, దువ్వెన. ఇంత జరిగాక అతను అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్ళు ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉందబ్బాయ్, కాస్త పట్టేసింది, అంతే" అంటాడు. లోపల గిన్నెల చప్పుడు పెరుగుతుంది.

"కాస్త పట్టేసిందంట. ముద్ద నేను పెడితేగాని నోట్లోకి పోదు. కాస్త పట్టేసిందంట." మస్తాన్‌బీ ఈ మాటలు గిన్నెలతోనే చెప్పుకుంటుంది. అవైనా వింటాయని.

పర్చూరు దగ్గరి ఆ పల్లెలో అల్లాబక్షుది దూది ఏకే ఇల్లు. మీసం రాని వయసులోనే విల్లు పట్టాడు. నల్లరేగడి చేలల్లో ఒకసారి విచ్చిన పత్తి అతని ఇంటికి వచ్చి రెండోసారి విచ్చేది. విల్లు నారి మీద కొయ్యగుండుతో కొడుతుంటే తుంయ్ తుంయ్‌మని ఇల్లంతా మోగేది. ఆ మోతకి దూది లేచి, కురవడం మరిచిపోయిన మబ్బులా చూరు కింద తేలేది. చుట్టుపక్కల సగం కాపురాలు అతను ఏకిన పరుపుల మీదే మొదలయ్యాయి. తర్వాత దూది ఏకే మిషన్లు వచ్చాయి, స్పాంజి పరుపులు వచ్చాయి, విల్లు అటకెక్కింది. కొట్టిన దెబ్బలు మాత్రం భుజంలోనే ఉండిపోయాయి.

రెండువేల ఆరులో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, కూతురు గుల్షన్ తాడేపల్లి నుంచి వచ్చి తండ్రిని విజయవాడ తీసుకెళ్ళి ఎముకల డాక్టరుకు చూపించింది. ఖర్చు తామే పెట్టుకుంటామని ముందే చెప్పింది. డాక్టరు ఎక్స్‌రే ఫిలింని వెలుతురుకు పట్టి చూశాడు.

"కీలు పూర్తిగా అరిగిపోయిందండి. మధ్యలో ఉండాల్సిన మెత్తటి పొర లేదు. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. మాత్రలూ ఇంజెక్షన్లూ అన్నీ అయ్యాయి కదా. కీలు మార్చేస్తే నొప్పి చాలావరకు పోతుంది. మీ అన్నం మీరే తింటారు, మీ తల మీరే దువ్వుకుంటారు. బరువులు మాత్రం ఎత్తకూడదు."

"ఏడాదికి ఒక్క పూట ఎత్తుతానండి."

"ఏం ఎత్తుతారు?"

"పెద్ద పీరు."

డాక్టరు గుల్షన్ వైపు చూశాడు. గుల్షన్ నేల వైపు చూసింది.

"ఒక్క పూటైనా కుదరదు. ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదు కాబట్టి తొందర లేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి" అన్నాడు డాక్టరు.

అతను అన్నవాటిలో అల్లాబక్షు ఇంటికి తెచ్చుకున్నది ఆ చివరి మాట ఒక్కటే. మస్తాన్‌బీ ఎప్పుడు కదిలించినా, "ఆలోచించుకోమన్నాడుగా, ఆలోచిస్తున్నా" అనేవాడు.

మొహర్రం పదో రోజు సాయంత్రం ఊళ్ళో పీర్ల చావిడిలోంచి పెద్ద పీరును వాగుకు తీసుకుపోతారు. నిలువెత్తు కర్ర, దాని మీద ఇత్తడి హస్తం, చుట్టూ ఊళ్ళోని అన్ని కులాలవాళ్ళూ మొక్కుకుని కట్టిన పట్టుగుడ్డలు. దాన్ని కుడిభుజానికి ఆనించి పైకెత్తి నడిచే హక్కు తాతల నాటి నుంచి అల్లాబక్షు ఇంటిది. ఎత్తే మనిషి పొద్దుటినుంచి ఏమీ తినడు. ఎత్తబోయే ముందు తన ఇంటి ఆడమనిషి కొత్త కుండలో తెచ్చిన బెల్లం పానకం తాగుతాడు.

"పోయినేడు ఎత్తానా లేదా? అంతకు ముందేడు? ఆ పూట నొప్పి ఉందా?" అని అడిగేవాడు అల్లాబక్షు. "అరిగిపోయిన ఎముక ఆ ఒక్క పూట మొలుస్తుందంటే అది ఎవరి దయ? ఆయన చల్లగా చూస్తుంటే ఇనప కీలు నాకెందుకే?"

మస్తాన్‌బీకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. ఆ పూట నొప్పి ఎందుకు ఉండదో ఆమె ఒక్కదానికే తెలుసు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర గట్టి నొప్పిమాత్రలు తెచ్చి, మెత్తగా నూరి, మిరియాలూ యాలకులూ దండిగా వేసిన పానకంలో కలిపేది. మూడేళ్ళుగా అదే పని. ఊరి ముందు పీరు చెయ్యి జారిందంటే ఆ మాట అతన్ని బతికినంతకాలం వదలదని ఆమె భయం. మర్నాడు అతనికి కడుపులో మంట పుట్టేది. అది పీరు ఆవహించిన వేడి అని మురిసిపోయేవాడు. అతనికి నొప్పి తెలియకూడదని చేసిన పనే ఇప్పుడు ఆసుపత్రి దారికి అడ్డం పడుకుంది.

గుల్షన్ పక్కింటికి ఫోను చేసింది. "నాన్న ఏమన్నాడమ్మా?"

"పీరు చూసుకుంటాడంట."

"నువ్వు గట్టిగా చెప్పొచ్చుగా."

"నా మాట వినే మనిషైతే నీకు చెప్పడమెందుకే, ఆయనకే చెప్పేదాన్ని."

పదో రోజు వచ్చింది. ఆ ఏడు మస్తాన్‌బీ మాత్రలు తేలేదు. కుండ చంకన పెట్టుకుని చావిడికి నడుస్తుంటే కల్లాల మీదుగా వచ్చే గాలి ఎర్రగా ఘాటెక్కి ఉంది. కళ్ళు తుడుచుకుంది, మిరప ఘాటే అనుకుంది.

చావిడిలో అల్లాబక్షు తెల్లచొక్కాతో, తలకు ఆకుపచ్చ గుడ్డతో సిద్ధంగా ఉన్నాడు. వెనక అతని చిన్నాన్న కొడుకు గౌస్ బాషా నిలబడి ఉన్నాడు. అల్లాబక్షు తర్వాత వంతు అతనిదే. చావిడి సర్దేటప్పుడు వాడు పీరును గడ్డిమోపు ఎత్తినట్టు ఎత్తుతాడని అల్లాబక్షుకి ఎప్పుడూ చిరాకు.

మస్తాన్‌బీ గ్లాసులో పానకం పోసి అందించింది. అతను నోటి దగ్గర పెట్టుకోబోతుండగా అంది, "అందులో ఏమీ కలపలేదు."

"బెల్లం వెయ్యలేదా?"

"బెల్లం వేశా. మాత్రలు వెయ్యలా. మూడేళ్ళూ నొప్పిమాత్రలు నూరి కలిపా. అందుకే నీకు తెలీలా."

అతను అరుస్తాడనుకుంది. అరవలేదు. పలక పట్టని పిల్లకు అక్షరాలు చెప్పబోతున్నట్టు నవ్వాడు.

"పిచ్చిదానా, నీకా బుద్ధి పుట్టించింది ఎవరనుకున్నావు? ఆయనే."

మస్తాన్‌బీలో మిగిలిన ఓపిక కాస్తా అయిపోయింది. "అయితే ఈ ఏడు వెయ్యొద్దన్నదీ ఆయనే. పోయి ఎత్తు."

గౌస్ బాషా లేని దగ్గు దగ్గాడు. బయట డప్పులు మొదలయ్యాయి.

అల్లాబక్షు గ్లాసు పక్కన పెట్టి పీరు దగ్గరికి వెళ్ళాడు. ఎడమచెయ్యి కింద వేశాడు. కుడిచెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. దించి, మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అక్కడే ఆగింది. పట్టుగుడ్డలు అతని మొహాన్ని తాకుతూ ఊగాయి. కర్రకు నుదురు ఆనించి అలాగే నిలబడిపోయాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు దువా చేస్తున్నట్టుంది. మస్తాన్‌బీకి అతని వీపు అదరడం కనిపించింది. ఎన్నాళ్ళుగానో గెలవాలనుకున్న వాదన అది. గెలిచినట్టు లేదు.

కాసేపటికి అతను తల తిప్పాడు. "ఒరేయ్ గౌసూ, పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తినలా అన్నా."

"ఎందుకని?"

"ఈ రోజు ఏటా తిననన్నా. నీకెప్పుడైనా అవసరం పడుద్దేమోనని."

అల్లాబక్షు తన గ్లాసు తీసి అతని చేతిలో పెట్టాడు. "తాగు. మా ఇంటి పానకమే."

పీరు లేచింది. జనం కదిలారు. అల్లాబక్షు పక్కనే నడుస్తూ ఒక్క క్షణం నోరు మూయలేదు.

"భుజానికి ఆనించరా, మెడకు కాదు. కుడివైపు ఒరుగుతోంది. నిదానం. నీకేమన్నా బస్సుకి టైమవుతోందా?"

"అన్నా, ఎత్తింది నువ్వా నేనా?"

"నేనైతే ఇట్టా ఎత్తేవాణ్ణా?"

వాగు మలుపు దగ్గర అతను వెనకబడి మస్తాన్‌బీ కోసం ఆగాడు. మొహం చిటపటలాడుతోంది.

"వీడి నడక చూడలేకపోతున్నానే. ఇక ఎత్తేది వీడేగా, ఆ డాక్టరుకి ఎప్పుడు వీలవుద్దో గుల్షన్‌ని కనుక్కోమను."

"అదేదో అప్పుడే చెప్పుంటే నాకీ బాధ..."

"అప్పుడు నేను ఎత్తేవాణ్ణి" అనేసి అతను మళ్ళీ ముందుకు పరిగెత్తాడు. "ఒరేయ్, పైన కరెంటు తీగ. వంచు, కాస్త వంచు."

మస్తాన్‌బీ వాగు దాకా వెళ్ళలేదు. మనిషి మాట మార్చేలోపు ఫోనున్న ఇంటివైపు తిరిగింది.