గోడ మీద పెట్టిన ఒట్టు

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో మేముండే లైన్‌లోని బొగ్గుగని క్వార్టర్లన్నీ ఒకే అచ్చులో తీసినట్టుండేవి. అదే రేకుల కప్పు, అదే పచ్చ తలుపు, ముందు అదే మోకాలెత్తు గోడ. తెలివిలో ఉన్నవాళ్లే అప్పుడప్పుడు తడబడేవారు. ఒక జీతం రోజు సాయంత్రం మా బాపు తెలివిలో లేడు. సారా దుకాణం నుంచి నేరుగా పక్క క్వార్టర్‌లోకి వెళ్లి, కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని అన్నం పెట్టమన్నాడు. ఆ ఇంటి చాచా మారు మాట్లాడకుండా పెట్టాడు. కూరలో ఉప్పు తక్కువైందని బాపు ఆయన్ని కోప్పడ్డాడు కూడా. తర్వాత అక్కడే ఒరిగి నిద్రపోయాడు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ వెతుక్కుంటూ వెళ్లేసరికి చాచా దుప్పటి కప్పుతున్నాడట.

చాచాది గనిలో ల్యాంప్ రూమ్ పని. దిగేవాళ్లకు టోపీ దీపాలివ్వడం, పైకొచ్చినవాళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం. భైంసాలో యునానీ వైద్యం చేసిన హకీం కొడుకు. ఐదు పూటలా నమాజు, కళ్లకు సుర్మా. సారా దుకాణమున్న గల్లీలోంచి నడవడం కూడా ఇష్టంలేక చుట్టూ తిరిగి డ్యూటీకి వెళ్లేవాడు. అలాంటి మనిషి ఇంట్లో తాగి పడుకున్నానని తెలిశాక బాపు తలెత్తలేకపోయాడు. అవ్వ ఏమీ అనలేదు. అవ్వ ఏమీ అనకపోవడం మా ఇంట్లో చాలా పెద్ద విషయం. చివరికి బాపు నన్ను దగ్గరికి పిలిచి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "ఇగ ముట్ట. నా బిడ్డ మీద ఒట్టు" అన్నాడు.

ఈ విషయంలో నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. ఒట్టు తప్పితే అది ఎవరి మీద పెట్టారో వాళ్ల తల పగులుతుందని మా లైన్ పిల్లలందరికీ తెలుసు. అంటే నోరు బాపుది, తల నాది. అయినా బాపు మాట మీద నిలబడ్డాడు కాబట్టి ఈ ఏర్పాటు రెండేళ్లు సజావుగానే నడిచింది.

ఆరో తరగతిలో ఇంగ్లీషు వచ్చి పడింది. అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే కనబడిన ప్రతిదీ చదివే జబ్బు పట్టుకుంది నాకు. అగ్గిపెట్టె, సబ్బు కాగితం, ఏదీ వదిలేదాన్ని కాదు. ఆ చలికాలమే బాపుకు దగ్గు పట్టుకుంది. బొగ్గు దుమ్ము మింగేవాళ్ల దగ్గు. మొదలైతే పక్కింట్లో గిన్నెలు కూడా ఉలిక్కిపడేవి. దవాఖానాలో ఎర్రటి మందు సీసా ఇచ్చారు. నాలుగు రోజులు తాగేసరికి దగ్గు నెమ్మదించింది. ఐదో రోజు నేను సీసా చదివాను. అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఆల్కహాల్ అని ఉంది.

అంటే ఏమిటని బడిలో సారును అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సారా. నీకెందుకే?" అన్నారు. ఆ మాట గురించి నేను విన్న మొదటి పాఠం అదే. చిన్నదే, కానీ సరిపోయింది. రెండు చేతులతో తల పట్టుకుని ఇల్లు చేరాను.

"బాపూ, ఒట్టు తప్పినవ్. నా తల పలుగుతది" అని ఏడ్చాను. గనిలో పైకప్పు చిటపటమన్నా బెదరని మనిషి, ఆ మాటకు తెల్లబోయాడు. సీసాకు మూత బిగించి కిటికీలో పెట్టేశాడు. ఎవరెన్ని చెప్పినా చెంచా పట్టలేదు. మూడు రోజుల్లో దగ్గు మునుపటికన్నా ముదిరింది. షిఫ్టు సగంలోనే పైకి పంపేశారు. ఇంటి ముందు గోడ పట్టుకుని వంగిపోయి ఊపిరి కోసం ఆగుతుంటే చూడలేకపోయేవాళ్లం.

"తాగితె బిడ్డ పోతదట, తాగకుంటె నువ్వు పోతవ్. నేనెవల్ని చూస్కోవాలె?" అని అరిచింది అవ్వ. ఆ కేక వినే చాచా వచ్చాడు. గోడ మీద కూర్చుని, "బేటీ, గా సీసా పట్కరా. ఏం రాసున్నదో సదువు" అన్నాడు.

చదివాను. ఆయన నవ్వాడు. "అరె, గిది మా ఇంటి మాటనే!" అని జేబులోంచి సుర్మా డబ్బీ తీశాడు. సుర్మాను అరబ్బీలో అల్ కుహ్ల్ అంటారట. రాయిని మెత్తగా, ఇంకా మెత్తగా, గాలికి ఎగిరేంత మెత్తగా నూరిన పొడికి ఆ పేరు. తర్వాత ఆ మాట పరదేశం పోయాక, ఏ వస్తువునైనా శుద్ధి చేసి తీసిన సారానికి అదే పేరు పెట్టుకున్నారట. ద్రాక్ష సారాయిని కాచి తీసిన దానికీ పెట్టారు. చివరికి మిగతావన్నీ పోయి, పేరు దానికొక్కదానికే అతుక్కుపోయిందని వాళ్ల హకీం అబ్బా చెప్పేవాడట.

అంతటితో ఆగలేదు. ఇంట్లోకి వెళ్లి తన సీసా తెచ్చి మా సీసా పక్కన పెట్టాడు. అదే ఎరుపు, అదే కాగితం, సగం ఖాళీ. "గా గల్లీల అడుగు వెట్టనోణ్ని, నేను తాగిన. దవా దవానే బేటీ."

నేను ఒప్పుకోలేదు. "నువ్వు ఎవల నెత్తి మీద ఒట్టు వెట్టలే గద చాచా?"

చాచా డబ్బీని జేబులో పెట్టేశాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "తమ్మీ, పోరి అన్నది కరెక్టే. తాగుడు నీది, తల దానిదా? తియ్యి" అన్నాడు.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టడం మాకు పిల్లల ఆటల్లో మామూలే. పెద్దవాళ్లు చేయగా చూడడం అదే మొదలు. మా లైన్‌లో గట్టు లేదు, గోడ ఉంది. బాపు నా నెత్తి మీద చెయ్యి ఆనించి, అంచుదాకా నిండిన గిన్నెను ఎత్తినట్టు మెల్లగా ఎత్తి, గోడ మీద దించాడు. నా మెడ నిజంగానే తేలికైంది.

"అయితె రేపటికెల్లి మళ్ల తాగుడేనా?" అంది అవ్వ. అసలు భయం అదే.

"గోడ మీదున్నది గద. పొయ్యేటప్పుడు, వచ్చేటప్పుడు కండ్లవడతది" అని బాపు చెంచా కోసం చెయ్యి చాచాడు.

ఆ రోజు చాచా నా కళ్లకు సుర్మా పెట్టాడు. బాపు రెప్పల అంచుల్లో ఎంత కడిగినా పోని బొగ్గు నలుపును చూసి, "నీకద్దులే, నీకు గని వెట్టింది" అన్నాడు. బాపు దగ్గుతూనే నవ్వాడు.

తర్వాత రిటైరయ్యేదాకా షిఫ్టుకు పోతూ, వస్తూ గోడను ఒకసారి అరచేత్తో తాకేవాడు. అక్కడ నున్నగా, నల్లగా ఒక మచ్చ ఏర్పడింది. మళ్లీ తాగలేదు. నేను కరీంనగర్‌లో కాలేజీ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. ఆల్కహాల్ పాఠం రోజున వెనక బెంచీలు ఎందుకో నిండుగా ఉండేవి. వాళ్లకు ముందు సుర్మా సంగతి చెప్పి కొంచెం నిరాశపరిచేదాన్ని. మొన్న కరోనాలో, ఆల్కహాల్ అన్న మాటే నోట పలకని మా ఎదురింటావిడ పూజకు ముందు శానిటైజర్ పేరుతో దాన్నే చేతులకు రుద్దుకుంటుంటే చాచా గుర్తొచ్చాడు.

గని మూతపడ్డాక క్వార్టర్లు కూల్చారు. ఆ గోడ కూడా పగిలింది. బాపు అప్పటికే పోయాడు కాబట్టి ఒట్టు తప్పి పగలగొట్టిన నేరం ఆయన మీద లేదు.

పోయిన నెల మా మనవరాలు, ఇక చదువుకునేటప్పుడు ఫోన్ ముట్టనని నా నెత్తి మీద చెయ్యి పెట్టబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. మా అపార్ట్‌మెంట్‌లో గట్టు లేదు, మోకాలెత్తు గోడా లేదు. ఒట్టును ఫ్రిజ్ మీద పెట్టించాను. నీళ్ల సీసా కోసం వచ్చినప్పుడల్లా దాని వైపు ఓరగా చూసి పోతోంది. ఫ్రిజ్ ఇప్పటికైతే బాగానే పనిచేస్తోంది.