పోశమ్మ ఒప్పుకున్న గొర్రె

మొన్న రింగ్ రోడ్డులో తడిసిన కుక్క ఒకటి ఒళ్లు దులిపి నా చొక్కా పాడుచేసింది. తిట్టబోయి, మా నాన్న గొర్రెల మంద గుర్తొచ్చి ఊరుకున్నాను. మంద అంటే రెండు.

కరోనాకు తను నేసే మగ్గాలు ఆగిపోగానే, మేం పనికోసం వలసొచ్చిన బమ్రోలిలో మా గది వెనక మందను పెంచుతానని నాన్న వాటిని తోలుకొచ్చాడు. పాల ప్యాకెట్లను కూడా సబ్బుతో కడిగే అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"తానం పొయ్యకుంట లోపటికి తేకు!"

నాన్న విసుక్కుంటూ మొదటిదాని మీద బకెట్ నీళ్లు కుమ్మరించాడు. అది ఒళ్లంతా దులిపింది. స్నానం నచ్చిందనుకుని నేను చప్పట్లు కొట్టాను. నాయనమ్మ మాత్రం చేతులు జోడించింది. నీళ్లు పోస్తే గొర్రె దులిపిందంటే, బలికి దేవత ఒప్పుకున్నట్టే.

"పోశమ్మ ఒప్పుకున్నది కొడుకా! ఇగ ఇది తల్లిదే."

"చలి పెడితే దులుపుకోదా ఏందే అమ్మా? పెంచుకుందామని తెచ్చిన!"

"అసల్కే రోగాల కాలం. తల్లితోని పంచాది పెట్టుకుంటవా?"

ఆదివారానికి మంద సగమైంది. నాన్న ముద్ద ముట్టలేదు. "గివన్నీ ఉత్త మాటలు" అని రోజూ గొణిగేవాడు. గొణుగుతూనే, ఆ వానాకాలమంతా తను తడుస్తూ, రెండోదాని మీద ఒక్క చినుకు పడకుండా గొడుగు పట్టి మేపాడు.

నమ్మకం లేని మనిషి అంత జాగ్రత్తగా ఉండటం నేను మళ్లీ చూడలేదు.